వీరులు చనిపోయి ఎక్కడికి పోయారు?

ఉగాది సంచికలో చావును గూర్చిన వ్యాసమేమిటని కొందరికి తోచవచ్చు. పండుగపూట ఇటువంటి మాట ఎత్తితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు హర్షించరు. కాని ఉగాది పచ్చడిలో కొత్త బెల్లంతోపాటు వేపపువ్వును కలిపి మన నోట పెట్టినవారు ఆ పెద్దవాళ్ళే కదా! పైగా నేను చెప్పదలచింది చావును గూర్చి అనడం కంటె, చనిపోయినవారిని బ్రదికివున్నవారు ఎట్లా నిలుపుకొన్నారో ఆ సంగతిని గూర్చి అనడం సబబు. ఈ సంగతిని మూడు చోట్ల చూద్దాము. ఒకటి ప్రాచీన గ్రీకు దేశం. రెండవది మనం కాపురం ఉంటున్న ఈ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు ఆరేడు కిలోమీటర్లలో ఉన్న బేగూరు. మూడవది మన పల్నాడు.

గ్రీకుల పాతాళం

మనకు రామాయణ భారతాలు ఎటువంటివో గ్రీకులకు ఇలియడ్, ఒడిస్సీ అనే రెండు కావ్యాలు అటువంటివి. వీటిని హోమర్ అనే కవి చెప్పాడని వారి నమ్మకం; అతడు అంధుడని కూడా ఐతిహ్యం. ఇవి ఇంచుమించు క్రీ. పూ. 8వ శతాబ్దిలో ఈ రూపానికి వచ్చాయని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ట్రాయ్ పట్టణం ముందు జరిగిన యుద్ధం ఇలియడ్ కథ. ఆ యుద్ధం ముగిశాక ఒడీసియస్ అనే రాజు పదేళ్ళు సముద్రాల మీద తిరిగి తిరిగి ఇల్లు చేరుకోవడం ఒడిస్సీ కథ.

ఈ కావ్యాలలో మనిషి చనిపోగానే ప్రాణం ఒంటిని విడిచి హేడీసు లోకానికి పోతుంది. హేడీసు ఆ లోకాన్ని ఏలే దేవుని పేరు. మన యమధర్మరాజు వంటివాడు. ఐతే మన యముని దగ్గర చిత్రగుప్తుని చిట్టా ఉంది, పాపపుణ్యాల లెక్క ఉంది. హోమర్ చెప్పిన లోకంలో మామూలు మనుషులకు అట్టి లెక్క కనిపించదు. రాజూ బంటూ, మంచీ చెడూ అంతా ఒక్క చోటికే. అక్కడ ఒంట్లో రక్తం లేదు, కండలో బిగువు లేదు. చనిపోయినవారు పొగ వలె, నీడ వలె తిరుగుతుంటారు. గుహలోని గబ్బిలాల వలె కీచుమంటారు. దేవతలకు ద్రోహం చేసిన టాంటలస్, సిసిఫస్ వంటి ఏ కొద్దిమందికో శిక్షలున్నాయి. చావకుండానే ఎలీసియం అనే చల్లని మైదానానికి పోతాడని మెనలాస్ రాజుకు ఒక్కడికి మాట దక్కింది. అది అతని పుణ్యఫలం కాదు. దేవతల రాజైన జ్యూసుకు అతడు అల్లుడు. అల్లుడి మర్యాద అక్కడా తప్పలేదన్నమాట! చచ్చినవాని నోట నాణెం పెట్టడం, పడవవాడు నది దాటించడం వంటివి తర్వాతి కాలపు గ్రీకుల ఆచారాలు. హోమర్ కావ్యాలలో అవి లేవు.

ఒడిస్సీ 11వ సర్గలో ఒడీసియస్ బ్రదికి ఉండగానే ఈ మృతుల లోకపు అంచుకు వెళతాడు. అక్కడ మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గుంట తవ్వి, పాలూ తేనే కలిపిన పానీయం, ద్రాక్షసారాయం, నీళ్ళు వరుసగా ధారపోసి, పిండి చల్లి, గొర్రెలను కోసి ఆ రక్తాన్ని గుంటలో వదులుతాడు. ఆ రక్తం తాగితేగాని మృతులకు మాట్లాడే శక్తి రాదు. వాళ్ళు గుంపులు గుంపులుగా మూగుతారు. మన పిండప్రదానం చూసినవారికి ఈ ఘట్టం కొత్తగా తోచదు. చనిపోయినవారికి ఆకలి ఉంటుంది, బ్రదికివున్నవారు పెట్టాలి అనే భావం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఆ గుంపులో ఒడీసియస్ తన తల్లిని చూస్తాడు. తాను యుద్ధానికి బయలుదేరేనాటికి ఆమె బ్రదికే ఉంది. కొడుకు మీద బెంగతో కృశించి పోయిందని ఆమె చెబితేనే అతనికి తెలుస్తుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు. మూడుసార్లూ ఆమె నీడ వలె, కల వలె చేతుల్లోంచి జారిపోతుంది. ఊరు విడిచి దూరదేశం పోయిన కొడుకులకు ఈ ఘట్టం గుండెల్లో గుచ్చుకోక మానదు.

తర్వాత అకిలీస్ వస్తాడు. గ్రీకు వీరులందరిలో మేటి అతడు. ఇంటిపట్టున ఉండి పేరు లేకుండా ముసలివాడు కావడమా, యుద్ధంలో త్వరగా చచ్చి చెడని కీర్తి పొందడమా అని రెండు దారులు ఎదురైతే, రెండవదానిని ఎంచుకొన్నవాడు. చనిపోయాక కూడా నీవు ఇక్కడ ప్రభువు వలె ఉన్నావని ఒడీసియస్ అతణ్ణి ఓదార్చబోతాడు. చావును నా ముందు పొగడకు, ఇక్కడి మృతులందరికీ రాజునై ఉండడం కంటె భూమి మీద ఒక పేదవాని దగ్గర కూలివాడుగా బ్రదకడం మేలు అనే అర్థం వచ్చేటట్టు అకిలీస్ జవాబు చెబుతాడు. వీరుణ్ణి అంత ఎత్తుకు ఎత్తిన కవి, ఆ వీరునిచేతనే ఇంత మాట అనిపించడం సామాన్యమైన ధైర్యం కాదు.

మట్టిదిబ్బ, రాతికంబం, పాట

పైలోకంలో చెప్పుకోదగ్గ సుఖమేమీ లేదని నమ్మినవారికి ఇక మిగిలిన ఆధారమేమిటి? ఈ లోకంలోనే ఏదో ఒకటి నిలవాలి. అందుకే హోమర్ కావ్యాలలో చావుకంటె ఎక్కువ భయం శవానికి సంస్కారం జరగకపోవడం. ఇలియడ్ మొదట్లోనే వీరుల శరీరాలు కుక్కల పాలు, పక్షుల పాలు అయిన సంగతి వస్తుంది. అకిలీస్ ప్రాణస్నేహితుడు పెట్రోక్లస్ చనిపోయి కలలో కనబడి, నాకు త్వరగా దహనం జరిపించు, అంతవరకు మృతుల గుంపులో నన్ను కలవనివ్వడం లేదు అని మొరపెట్టుకొంటాడు.

ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్‌ను అకిలీస్ చంపి, ఆ శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. అప్పుడు హెక్టర్ తండ్రి ప్రియామ్, ముసలి రాజు, రాత్రివేళ శత్రువు గుడారానికి వెళ్ళి, తన కొడుకులను చంపిన చేతులనే ముద్దుపెట్టుకొని శవాన్ని ఇమ్మని యాచిస్తాడు. అకిలీస్‌కు తన ముసలి తండ్రి జ్ఞాపకం వస్తాడు. ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు. శవాన్ని ఇచ్చి, దుఃఖించడానికీ, దహనానికీ, దిబ్బ పోయడానికీ 11 రోజులు యుద్ధం ఆపిస్తాడు. ఇలియడ్ ముగిసేది ట్రాయ్ పట్టణం కూలడంతో కాదు, హెక్టర్ ఉత్తరక్రియలతో.

సర్పిడాన్ అనే మరొక వీరుడు జ్యూసు కొడుకు. దేవతల రాజు కూడా ఆ కొడుకును చావు నుంచి తప్పించలేకపోయాడు. చేయగలిగింది ఒక్కటే. నిద్ర, మృత్యువు అనే కవల దేవతలచేత ఆ శరీరాన్ని మోయించి అతని స్వదేశమైన లిసియాకు పంపాడు. అక్కడ అన్నదమ్ములూ బంధువులూ మట్టిదిబ్బ పోసి, రాతికంబం నిలిపారు. చనిపోయినవారికి చెందవలసిన గౌరవం ఇదేనని కావ్యం చెబుతుంది. హెక్టర్ ఒకచోట ద్వంద్వయుద్ధానికి పిలుస్తూ, నా చేత చచ్చినవాని దిబ్బను రాబోయే కాలంలో ఓడలో పోయేవారు చూసి వానినీ నన్నూ కూడా తలచుకొంటారని అంటాడు.

దిబ్బ వీరునికే కాదు, సామాన్యునికీ కావాలి. ఒడీసియస్ పడవవాళ్ళలో ఎల్పెనార్ అనే కుర్రవాడు ఉన్నాడు. పెద్ద వీరుడేమీ కాదు. తాగిన మత్తులో మేడమీంచి పడి మెడ విరిగి చచ్చాడు. అతడు మృతుల లోకంలో ఎదురై, నన్ను ఏడ్చేవారు లేకుండా వదిలిపోకు, సముద్రపు ఒడ్డున దిబ్బ పోసి, నేను బ్రదికివుండగా స్నేహితులతో కలిసి వేసిన తెడ్డునే దాని మీద నాటు అని అడుగుతాడు. ఒడీసియస్ వెనక్కు వచ్చి అట్లాగే చేశాడు. తెడ్డు వేసినవానికి తెడ్డే గుర్తు. రాజుకైనా పడవవానికైనా కావలసింది ఒక్కటే: తనను తలచుకొనేవారు ఉండాలి.

మన వీరస్వర్గం

మన కావ్యాలకు వచ్చేసరికి వీరునికి స్వర్గం గట్టిగా రాసిపెట్టి ఉంది. యుద్ధంలో వెన్నివ్వక చనిపోయినవాడు వీరస్వర్గానికి పోతాడు, అప్సరసలు ఎదురువస్తారు. భారతం చివర ధర్మరాజు స్వర్గానికి వెళ్ళి చూస్తే అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉన్నాడు! క్షత్రియధర్మం తప్పక పోరాడి చచ్చాడు గనుక అతనికి ఆ లోకం దక్కింది. ధర్మరాజుకు ఎంత కోపం వచ్చిందో భారతం చదివినవారికి తెలుసు.

భారతంలోనే, ఆశ్రమవాస పర్వంలో, ఒడీసియస్ ఘట్టానికి సరితూగే మరొక ఘట్టం ఉంది. తిక్కన సోమయాజి తెనిగించిన 15 పర్వాలలో ఇదీ ఒకటి. యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి. ధృతరాష్ట్రుడూ గాంధారీ కుంతీ అడవిలో ఉన్నారు. చనిపోయిన కొడుకుల బెంగ తీరలేదు. అప్పుడు వ్యాసమహర్షి గంగలో దిగి పిలిస్తే, కురుక్షేత్రంలో పడినవారందరూ నీళ్ళలోంచి లేచి వస్తారు. కుంతి కర్ణుణ్ణి చూసింది, సుభద్ర అభిమన్యుణ్ణి చూసింది. ఆ ఒక్క రాత్రి పగలు లేవు, కక్షలు లేవు. తెల్లవారేసరికి అంతా నీళ్ళలో కలిసిపోయారు. గ్రీకు కవి తల్లిని చూపించాడు కాని కౌగిలించుకోనివ్వలేదు. మన కవి ఒక్క రాత్రికైనా ఆ తల్లుల చేతులను ఖాళీగా ఉంచలేకపోయాడు. ఏది గొప్ప అని నేను తూకం వేయబోను. రెండు చోట్లా దుఃఖం ఒక్కటే.

ఐతే నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే సంగతి. గ్రీకులకు పైలోకం మీద ఆశ లేదు గనుక భూమి మీద కంబం నిలిపారంటే అర్థమవుతుంది. స్వర్గం ఖాయమని నమ్మిన మన జనం కూడా ఊరికే కూర్చోలేదు. స్వర్గం సంగతి దేవతలకు వదిలి, జ్ఞాపకం సంగతి తాము చూసుకొన్నారు. రాళ్ళు నాటారు, భూములు ఇచ్చారు, పాటలు కట్టారు, ఏటేటా కూడు పెట్టారు. దానికి సాక్ష్యం దూరాన లేదు.

బేగూరు రాయి

కన్నడ దేశంలో ఊరూరా వీరగల్లు అనే రాళ్ళు కనిపిస్తాయి. కల్లు అంటే కన్నడంలో రాయి. మన రాయలసీమ పల్లెల్లో కూడా, ముఖ్యంగా బాణ, వైదుంబ, నొళంబ రాజులు ఏలిన సీమల్లో, ఇటువంటివి చాలా ఉన్నాయి. వీటిని సామాన్యంగా మూడు అంతస్తులుగా చెక్కుతారు. కింది అంతస్తులో యుద్ధం: వీరుడు కత్తో విల్లో పట్టి పోరాడుతుంటాడు. నడిమి అంతస్తులో అప్సరసలు అతణ్ణి చెరొక వైపున పట్టుకొని పైకి తీసుకొనిపోతుంటారు. పై అంతస్తులో అతడు శివలింగం ముందర కూర్చుని ఉంటాడు. అన్నిటికీ పైన సూర్యచంద్రులు, అంటే ఆచంద్రార్కం ఈ పేరు నిలవాలని. నిద్ర, మృత్యువు అనే ఇద్దరు కవలలు సర్పిడాన్‌ను మోసుకుపోవడం ఈ నడిమి అంతస్తుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఐతే గ్రీకు వీరుణ్ణి సొంత ఊరికి దింపారు, మన వీరుణ్ణి శివసన్నిధికి ఎక్కించారు.

ఈ రాళ్ళు పొందినవారందరూ రాజులు కారు. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవారు, పులితో పెనగి చచ్చినవారు, ఊరిని కాపాడబోయి చచ్చినవారు ఎక్కువ. చచ్చినవాని కుటుంబానికి భూమి ఇచ్చే ఆచారమూ ఉంది. దానిని కన్నడంలో నెత్తరుకొడగె అంటారు, అంటే నెత్తుటి మాన్యమన్నమాట. మండ్య సీమలోని ఆతకూరులో క్రీ. శ. 949-50 నాటి రాయి ఒకటి దొరికింది. అందులో అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు కూడా గుర్తు ఉంది. ఆ రాతికి పూజ చేయకుండా పూజారి అన్నం తింటే పాపం తగులుతుందని కూడా చెక్కించారు. నోరులేని జంతువుకైనా పెట్టి తినవలసిందే అన్నమాట.

ఇక బేగూరు. దీని పాత పేరు బెంపూరు. గంగరాజుల కాలంలో ఇది 12 ఊళ్ళకు ముఖ్యస్థానం. ఇక్కడి నాగేశ్వరాలయం వద్ద ఇంచుమించు క్రీ. శ. 890 నాటి వీరగల్లు శాసనం ఉంది. హళగన్నడంలో ఉన్న ఆ కొద్ది మాటల సారాంశం, నాగత్తరుని ఇంటివాడైన బుట్టణసెట్టి బెంగళూరు కాళగంలో మరణించాడని. కాళగం అంటే యుద్ధం. బెంగళూరు అనే పేరు కనిపించే పాత ఆధారం ఇదే. వీరబల్లాళరాజు అడవిలో దారితప్పి ఒక అవ్వ పెట్టిన ఉడికిన గింజలు తిన్నాడని, అందువల్ల బెందకాళూరు అయిందని మనమంతా విన్న కథ ఉంది కదా. ఆ రాజు 12వ శతాబ్దివాడు. అతనికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే రాతి మీద ఈ పేరు ఉంది.

ఇది కాస్త ఆలోచించవలసిన సంగతి. ఇంత పెద్ద నగరం పేరును మొదట మన దాకా తెచ్చింది రాజు కోట కాదు, దానశాసనం కాదు. యుద్ధంలో చనిపోయిన ఒక మనిషిని మరచిపోకూడదని తనవాళ్ళు నాటిన రాయి. వాళ్ళు ఊరి పేరు నిలపడానికి ఆ రాయి నాటలేదు. మనిషి కోసం నాటితే ఊరు కూడా నిలిచింది.

బేగూరుదే మరొక పెద్ద వీరగల్లు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. గంగరాజు ఎరెయప్ప ఆజ్ఞ మీద నాగత్తరుడు అయ్యపదేవునికి సాయంగా సేనతో వెళ్ళి, వీరమహేంద్రుని మీద తుంబెపాడి దగ్గర పోరాడి మరణించాడనీ, అది విని రాజు ఇరుగుడు అనేవానికి నాగత్తర పట్టం కట్టి బెంపూరు 12 ఊళ్ళు ఇచ్చాడనీ అందులో ఉంది. రాతి నిండా ఏనుగులు, గుర్రాలు, పడినవారు, పడుతున్నవారు.

ఇటువంటి రాళ్ళు నగరం పెరిగేకొద్దీ కాలవల పక్కనా ఇళ్ళ పునాదుల్లోనూ పడిపోతున్నాయి. 1909లో పుట్టిన మిథిక్ సొసైటీ వారు 2021 నుంచి బెంగళూరు శాసనాలను వెతికి, యంత్రంతో అక్షరం అక్షరం ప్రతి తీసి భద్రపరుస్తున్నారు. మెచ్చుకోవలసిన పని.

కారెంపూడి వీరులు

ఇప్పుడు మన గడ్డకు వద్దాము. బేగూరులో రాయి మిగిలింది, పాట మిగలలేదు. పల్నాటిలో రాయీ మిగిలింది, పాటా మిగిలింది, కూడు పెట్టేవారూ మిగిలారు.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవరాజు, ఇద్దరూ అన్నదమ్ములు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడినవారికి వనవాసం, గడువు తీరాక రాజ్యం అడగడానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగంతో చావడం, చివరకు నాగులేటి ఒడ్డున కారెంపూడి దగ్గర సర్వనాశనమైన పోరు. దీనిని మనవారు పల్నాటి భారతమన్నారు. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు మన అకిలీస్ వంటివాడు. పడుచుభార్య మాంచాల ఉంది, తల్లి ఐతాంబ ఉంది, మేడలున్నాయి. ఉండిపోవచ్చు. పోతే తిరిగిరాడు. తెలిసే పోయాడు.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదలో రచించాడని ప్రసిద్ధి. దానిని అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి 1911లో ప్రకటించారు. కాని పుస్తకం కంటె ముందు నుంచీ, ఆ తర్వాతా కూడా, ఈ కథను మోసినవారు వీరవిద్యావంతులు అనే గాయకులు. వారు మాలకులానికి చెందినవారు. రాత్రుళ్ళు కత్తి పట్టి, పంబ మోగుతుండగా, తిత్తి శ్రుతి పలుకుతుండగా వీరగాథలు పాడుతారు. 1930లలో మిల్మన్ పెరీ అనే అమెరికా పండితుడు యుగోస్లావియాలో పాటగాళ్ళ గాథలు రికార్డు చేసి, హోమర్ కావ్యాలు కూడా ఇట్లా నోటి పాటగా పెరిగినవేనని చూపించాడు. జీన్ రోఘేర్ అనే మరొక అమెరికా పండితుడు పల్నాడు వచ్చి వీరవిద్యావంతుల నోట ఈ కథ విని, దానిని ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకం అచ్చువేశాడు. హోమర్ పాటను పాడేవారు గ్రీసులో ఎప్పుడో లేకుండా పోయారు. మన పాటగాళ్ళు మన కళ్ళ ముందే ఉన్నారు.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే ఈ కారెంపూడి ఉంది. నాగులేటి దగ్గర వీరుల గుడి ఉంది. అక్కడ వీరులను లింగాలుగా, ఆయుధాలుగా పూజిస్తారు. ఏటా కార్తీక అమావాస్య నుంచి 5 రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజుల పేర్లు. వీరాచారం పాటించే కుటుంబాలవారు తమ పెద్దల నాటి ఆయుధాలను, కొణతాలను, పలు ఊళ్ళ నుంచి తీసుకొనివచ్చి నాగులేటిలో కడిగి ఊరేగిస్తారు. రాయబారం నాడు అలరాజు మళ్ళీ బయలుదేరుతాడు. మందపోరు నాడు ఆవుల మంద కోసం లంకన్న మళ్ళీ పోరాడి ఒరుగుతాడు. చివరి రోజున వీరులందరూ మళ్ళీ నేలకొరుగుతారు. చూసేవారికి అది నాటకం కాదు. ఆ వేళ వీరులు వచ్చారనే వారి నమ్మకం.

ఒడీసియస్ గుంట తవ్వి రక్తం పోసి మృతులను పిలిచింది ఒక్కసారే. వ్యాసుడు గంగలోంచి పిలిచింది ఒక్క రాత్రే. కారెంపూడివారు ఏటా పిలుస్తున్నారు. చచ్చినవారు ఏటా వస్తున్నారు.

మరొకటి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని ప్రసిద్ధి. మాలవాడైన కన్నమదాసు అతనికి పెంపుడుకొడుకు, సేనలో ముందుండి నడిపినవాడు. ఇప్పటికీ ఉత్సవంలో చాపకూడు పెడతారు. హేడీసులో రాజూ బంటూ ఒక్కటే. కాని అది చచ్చాక, అదీ నీడలుగా. బ్రదికివుండగానే, కడుపునిండా అన్నం పెట్టి ఒక్కటి చేయాలన్నది పల్నాటివారి మాట. ఆ మాట మిగిలిన ఏడాదంతా ఊళ్ళలో ఎంత అమలు జరుగుతున్నదో మనకు మనమే ప్రశ్నించుకోవాలి.

మన పెద్దలు

ఇంతవరకు వీరుల సంగతి. మన ఇళ్ళలో చనిపోయినవారు కత్తిపట్టి పోరాడినవారు కారు. ఐతే ఎల్పెనార్ కూడా వీరుడు కాడు గదా!

తద్దినం నాడు పురోహితుడు తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగుతాడు. తండ్రి పేరు వెంటనే చెబుతాము. తాత పేరు చెబుతాము. ముత్తాత పేరు దగ్గర ఫోను తీసి ఊళ్ళో ఉన్న పెద్దమ్మకో బాబాయికో చేస్తాము. తద్దినాలు పెట్టని ఇళ్ళలో సంక్రాంతికో పెద్దల అమావాస్యకో పెద్దలకు బట్టలు పెట్టుకొంటారు. అక్కడా అంతే. ఎవరికి పెడుతున్నామో చెప్పగలిగిన పెద్దమ్మా బాబాయీ ఉన్నంతకాలం ఫరవాలేదు. ఆ తర్వాత?

ఊళ్ళో ఉన్నవారికి ఊరే ఆ లెక్క ఉంచుతుంది. ఈ చింతచెట్టు ఫలానా వారు నాటింది, ఈ బావి ఫలానా వారు తవ్వించింది అని ఎవరో ఒకరు అంటారు. ఇక్కడ మన బ్లాకులో, మన సెక్టారులో, ఆ మాట అనేవారు లేరు. పొట్టకూటికి ఊరు విడిచాము. అందులో తప్పేమీ లేదు. కాని ఊరు మోసే బరువు ఇప్పుడు మన మీద పడింది. హేడీసులో నీడలు మాట్లాడలేకపోయినట్టు, మనం పిలవకపోతే మన పెద్దలూ మాట్లాడలేరు.

కావున నాది రెండు మనవులు. ఒకటి, మన సంఘం తరఫున ప్రతి కుటుంబమూ ఒక పుస్తకంలో తమ ఇంటిపేరు, ఊరు, తాతముత్తాతల పేర్లు, నానమ్మ అమ్మమ్మల పేర్లు, పుట్టింటివారి ఊళ్ళు రాసివుంచాలి. పేరుతోపాటు వారు చేసిన పని కూడా రాయాలి. ఎల్పెనార్ దిబ్బ మీద తెడ్డు నాటారు. మీ తాతగారి పేరు పక్కన ఏది రాయాలి? నాగలా, మగ్గమా, తాపీయా, కలమా? మీ నానమ్మ పేరు పక్కన ఏది? ఆడవాళ్ళ పేర్లు ముందుగా మరుగున పడతాయి గనుక వాటిని ముందుగా రాయడం మంచిది.

రెండవది, ఒక ఆదివారం పిల్లలను తీసుకొని బేగూరు వెళ్ళిరావాలి. బుట్టణసెట్టి మన భాషవాడు కాకపోవచ్చు. కాని మన పిల్లలు పుట్టింది ఆ రాతి మీద పేరున్న ఊళ్ళోనే. ఈ ఊరి అన్నం తింటున్నవారికి ఈ ఊరి మృతులు పరాయివారు కారు. ఆతకూరు రాతి మీద చెక్కించిన నీతి కూడా ఇదే.

అకిలీస్ సంగతి ఒకటి చెప్పకుండా దాచివుంచాను. చావును అంతగా నిందించిన ఆ వీరుడు, వెంటనే తన కొడుకును గూర్చి అడుగుతాడు. కొడుకు యుద్ధంలో పేరు తెచ్చుకొన్నాడని, క్షేమంగా ఓడ ఎక్కాడని ఒడీసియస్ చెబుతాడు. ఆ మాట వినగానే అకిలీస్ మారు మాట్లాడకుండా, తెల్లపూల మైదానంలో పెద్ద పెద్ద అంగలు వేసుకొంటూ, సంతోషంతో వెళ్ళిపోతాడు. ఆ చీకటి లోకంలో ఎవరైనా సంతోషంగా నడిచారని కవి చెప్పింది అక్కడే. మన పెద్దలకు కూడా మన దగ్గర నుంచి కావలసింది ఆ కబురే. పిల్లలు బాగున్నారు, మిమ్మల్ని తలచుకొంటున్నారు అని.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.